పీజేఆర్: గేటు మీటింగు నుంచి ప్రతిపక్ష బెంచీ దాకా

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వెళ్తున్నారనుకోండి. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట దాటుతాయి. ఎంజీబీఎస్ దగ్గర మూసీ వస్తుంది. ఆ పైన గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్. ఇంకా ముందుకు పోతే ఈఎస్ఐ ఆసుపత్రి, భరత్‌నగర్, బాలానగర్. ఈ పేర్లను బాలానగర్ వైపు నుంచి వెనక్కి చదివితే ఒక మనిషి రాజకీయ జీవితం వరసగా కనిపిస్తుంది. ముందు ఫ్యాక్టరీలు, తరువాత ఖైరతాబాద్ బస్తీలు, ఆ తరువాత అసెంబ్లీ, పక్కనే పార్టీ ఆఫీసు గాంధీభవన్. ఆ మనిషి పి. జనార్దన్ రెడ్డి. నగరమంతా పీజేఆర్ అని పిలిచిన నాయకుడు. కార్మిక సంఘాల్లో ఎదిగి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్ష బెంచీల నుంచి కాంగ్రెస్‌ను నడిపినవారు.

ఆయన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఉన్న తూర్పు వైపు నుంచి ఎన్నడూ పోటీ చేయలేదు. అయినా ఈ తూర్పు వైపు ఇళ్లలో నల్లా తిప్పినప్పుడు వచ్చే నీళ్లకూ, ఆయన ప్రతిపక్షంలో కూర్చున్న రోజులకూ సంబంధం ఉంది. ఆ సంగతి చెప్పే ముందు, అలాంటి నాయకుడు ఏ నేల మీద పుట్టుకొచ్చాడో చూద్దాం.

హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ సైరన్లు నిజాం కాలంలోనే మోగాయి. చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ, ఆజామాబాద్ పారిశ్రామికవాడ, బట్టల మిల్లులు, రైల్వే వర్క్‌షాపులు అప్పటివే. 1942లో ఆల్విన్ మొదలైంది. స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ రంగం వచ్చింది: రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ చుట్టుపక్కల ఐడీపీఎల్, హెచ్ఎంటీ, హాల్, ఇటు కుషాయిగూడ వైపు ఈసీఐఎల్. పల్లె వదిలి వచ్చిన కుర్రవాడికి ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగం దొరికితే అది ఇంటిల్లిపాదికీ పండగ.

ఫ్యాక్టరీ వెంటే సంఘమూ వచ్చింది. ఈ నగరంలో సంఘాలకు మూడు పాయలున్నాయి. మొదటిది ఎర్రజెండా పాయ. సిటీ కాలేజీలో అధ్యాపకుడిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి కార్మికుల మధ్యకు వెళ్లిన ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్, ఆయన సహచరుడు డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ దీనికి పునాది వేశారు. 1946లో నిజాం రాష్ట్రమంతటికీ కలిపి ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. మఖ్దూం 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాద్ శాసనసభకు వెళ్లారు, తరువాత శాసనమండలి సభ్యుడిగా 1969లో కన్నుమూసే దాకా కొనసాగారు. రెండోది సోషలిస్టుల పాయ. హింద్ మజ్దూర్ సభ జెండా కింద పనిచేసిన నాయిని నర్సింహారెడ్డి అందులోంచి వచ్చారు. మూడోది కాంగ్రెస్ పాయ. ఆల్విన్‌లో కార్మికుడిగా పనిచేసి, సంఘం నాయకుడై, 1980లో ఏకంగా ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య ఈ పాయలోని వారు.

1978 శాసనసభ ఎన్నికలు గుర్తు చేసుకోవాలి. ఎమర్జెన్సీ ముగిసిన మరుసటి ఏడాది. ముషీరాబాద్‌లో ఇద్దరు కార్మిక నాయకులు ఎదురెదురుగా నిలబడ్డారు. జనతా పార్టీ తరఫున నాయిని, కాంగ్రెస్ తరఫున అంజయ్య. నాయిని గెలిచారు. అదే ఎన్నికల్లో ఖైరతాబాద్ నుంచి 30 ఏళ్ల జనార్దన్ రెడ్డి తొలిసారి శాసనసభకు ఎన్నికయ్యారు. ఓడిన అంజయ్య రెండేళ్లకు ముఖ్యమంత్రి అయ్యారు. గెలిచిన నాయిని 2014లో తెలంగాణ తొలి హోంమంత్రి అయ్యారు. పీజేఆర్‌కు ముఖ్యమంత్రి పీఠం దక్కలేదు. కానీ నగరం పేరు మీద రాజకీయం చేయడంలో ఆ ఇద్దరినీ మించిపోయారు.

జనార్దన్ రెడ్డి 1948 జనవరిలో పుట్టారు. ఆయన పేరు ముందుగా వినిపించింది నగరంలోని ఫ్యాక్టరీ గేట్ల దగ్గర. ఒకటికి మించిన పరిశ్రమల్లో ఆయన కార్మిక సంఘాలకు నాయకత్వం వహించారు. ఖైరతాబాద్ అంటే ఇవాళ మనం అనుకునే చిన్న నియోజకవర్గం కాదు అప్పట్లో. ఖైరతాబాద్, సోమాజిగూడ నుంచి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, యూసుఫ్‌గూడ, బోరబండ మీదుగా శేరిలింగంపల్లి దాకా సాగేది. రాష్ట్రంలో అతి పెద్ద నియోజకవర్గాల్లో అదొకటి. కొండ మీద కోటీశ్వరుల బంగళాలు, కొండ కింద రేకుల ఇళ్లు. బంగళాల్లో పని చేసేవారూ, వాటిని కట్టిన మేస్త్రీలూ, వాటి ముందు ఆటోలు నడిపేవారూ ఆ రేకుల ఇళ్లలోనే ఉండేవారు. పీజేఆర్ ఓట్లు అక్కడుండేవి.

కార్మిక నాయకుడు బస్తీ నాయకుడు ఎలా అవుతాడు? గేటు మీటింగు ఎలా జరుగుతుందో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక షిఫ్టు దిగే వేళ, ఇంకో షిఫ్టు ఎక్కే వేళ మధ్యలో దొరికేది పది, పదిహేను నిమిషాలు. దిగేవాడికి ఇంటికి పోవాలని, ఎక్కేవాడికి కార్డు పంచ్ చేయాలని తొందర. ఆ కాసేపట్లో నాయకుడు చెప్పాల్సింది చెప్పాలి. క్యాంటీన్ పప్పు నీళ్లలా ఉందని ముందు రోజు ఎవరన్నారో, ఓటీ డబ్బులు ఎవరికి రాలేదో, వేలు తెగిన కుర్రవాడిని ఈఎస్ఐలో ఎన్ని గంటలు కూర్చోబెట్టారో పేరుపేరునా తెలిసి ఉండాలి. తెలియకపోతే జనం నిలబడరు. సోషలిజం మీద ఉపన్యాసం తరువాతి సంగతి.

అక్కడితో అయిపోదు. ఆ మాటలన్నీ కలిపి డిమాండ్ల పత్రం రాయాలి. యాజమాన్యం కాదంటే సమ్మె నోటీసు ఇవ్వాలి. లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్ అధికారి ముందు కూర్చోవాలి. కంపెనీ లాభనష్టాల పట్టీ యాజమాన్యం కంటే బాగా చదివి వెళ్లాలి. అడిగినది వంద అయితే అరవైకి ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ ఒప్పుకోకూడదో తెలియాలి. చివరకు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 12(3) ఒప్పందం మీద ముగ్గురి సంతకాలు పడేవి: యాజమాన్యం, సంఘం, ప్రభుత్వ అధికారి. మూడేళ్లకో నాలుగేళ్లకో గడువు తీరేది. మళ్లీ గేటు మీటింగు, మళ్లీ డిమాండ్ల పత్రం.

ఈ పనినే బస్తీకి మార్చి చూడండి. యాజమాన్యం స్థానంలో మున్సిపాలిటీ, జలమండలి, రెవెన్యూ ఆఫీసు. జీతం స్థానంలో పట్టా, నల్లా, కరెంటు మీటరు. గేటు స్థానంలో గల్లీ మొగ. పీజేఆర్ బస్తీల్లో చేసినది ఇదే. ప్రభుత్వ స్థలాల్లో వెలిసిన గుడిసెలకు అండగా నిలిచి, ఆక్రమణలను ప్రోత్సహించారని ఆయన మీద విమర్శ ఉంది. నగరాన్ని పటం మీద చూసేవారికి ఆ విమర్శ సబబుగానే తోస్తుంది. అయితే కొండలు పగలగొట్టి నగరం కట్టడానికి వచ్చిన కూలీకి ఆ నగరంలోనే ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నకు పటం వేసినవారు జవాబు రాయలేదు. ఆ ఖాళీలోనే బస్తీలు పుట్టాయి, పీజేఆర్ బలమూ పుట్టింది.

ఇంకో విషయం కూడా చెప్పాలి. కార్మిక నాయకుడంటే దేవుణ్ని నమ్మనివాడన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. పీజేఆర్ అలా కాదు. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ఇవాళ ఇంత పెద్దదిగా కనిపిస్తున్నదంటే, ఆ గుడి పునర్నిర్మాణానికి పూనుకున్నది ఆయనే. బోనాల పండగ చేసుకునే బస్తీ మనిషికి ఆయన తనవాడిగా అనిపించడంలో దీని పాత్రా ఉంది.

1983లో తెలుగుదేశం ప్రభంజనంలో ఖైరతాబాద్ కాంగ్రెస్ చేజారింది. 1985లో పీజేఆర్ తిరిగి గెలిచారు, 1989లోనూ గెలిచారు. ఆ తరువాతి కాంగ్రెస్ ప్రభుత్వ కాలంలో మంత్రిగానూ పనిచేశారు. కానీ ఆయనను ఆయనగా చూపించినది మంత్రి పదవి కాదు, 1994లో పార్టీ చిత్తుగా ఓడిన తరువాత వచ్చిన బాధ్యత.

ఆ ఏడాది డిసెంబరులో ఎన్.టి. రామారావు తిరిగి అధికారంలోకి వచ్చారు. 294 స్థానాల సభలో తెలుగుదేశానికి 216. కాంగ్రెస్‌కు 26. అంటే సభలో పదో వంతు కూడా లేదు. సీపీఐకి 19, సీపీఎంకు 15. కాంగ్రెస్ పెద్దలు చాలామంది ఓడిపోయారు. రాష్ట్రమంతా ఎదురుగాలి వీస్తున్నప్పుడు ఖైరతాబాద్ బస్తీలు మాత్రం పీజేఆర్‌ను వదల్లేదు. ఆ 26 మందికి నాయకుడిగా, కాంగ్రెస్ శాసనసభాపక్షం అధినేతగా ఆయన 1999 దాకా ఉన్నారు.

ఆ ఐదేళ్లు ఎలాంటివో గుర్తుందా? 1995లో మద్యనిషేధం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో తెలుగుదేశంలో చీలిక వచ్చి, సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. అటు వరంగల్ పల్లెల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ఒకపక్క మాదాపూర్‌లో హైటెక్ సిటీ లేస్తుంటే, ఇంకోపక్క ఆల్విన్ లాంటి కంపెనీలు చేతులు మారాయి, ప్రభుత్వ రంగంలో వరసగా సంస్థలు ఖాయిలా పడ్డాయి. అంటే పీజేఆర్ ఏ గేట్ల దగ్గర రాజకీయం నేర్చుకున్నారో ఆ గేట్లే ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలం అది. హైటెక్ సిటీ లేచిన నేల కూడా ఆయన నియోజకవర్గం దిక్కునే.

26 మందితో సభలో ఓటింగు గెలవడం కల్ల. అప్పుడు ప్రతిపక్ష నాయకుడి చేతిలో మిగిలేది ఏమిటి? సంఘం నాయకుడికి సమ్మె చేసే బలం లేనప్పుడు ఏది మిగులుతుందో అదే: అడిగినదాన్నే వదలకుండా అడగడం. ప్రశ్నోత్తరాల సమయంలో అడగడం, జీరో అవర్‌లో అడగడం, పోడియం దగ్గరకు వెళ్లి అడగడం, బయటికి వచ్చి రోడ్డు మీద అడగడం. పీజేఆర్ అలా పట్టుకుని వదలని అంశం హైదరాబాద్ తాగునీరు. కృష్ణా నీళ్లు నగరానికి తేవాలన్నది ఆయన ఎత్తిన ప్రధాన డిమాండు.

ఇక్కడే మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కథలోకి వస్తాయి. 1908 మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తరువాత మంజీర, ఆ తరువాత సింగూరు నీళ్లు వచ్చాయి. ఇవన్నీ నగరానికి పడమర, వాయవ్య దిక్కులవే. పైపులు అటు నుంచి బయలుదేరి మలక్‌పేట చేరేసరికే నీటి ఒత్తిడి తగ్గిపోయేది. మలక్‌పేట దాటిన తరువాత నగరపాలక సంస్థ హద్దే అయిపోయేది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట గడ్డిఅన్నారం మున్సిపాలిటీ కింద, ఆ పైన ఎల్బీనగర్ మున్సిపాలిటీ. ఈ రెండూ జీహెచ్ఎంసీలో కలిసింది 2007 ఏప్రిల్ 16న మాత్రమే.

ఆ రోజుల్లో ఇటువైపు ఇల్లు కట్టుకున్నవారు ముందు బోరు వేసి, ఆ తరువాతే పునాది తీసేవారు. ఎవరు వీళ్లు? కాలనీల పేర్లు చదివితే చాలు. పీ అండ్ టీ కాలనీ, టెలిఫోన్ కాలనీ, వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీ, ఎఫ్‌సీఐ కాలనీ, సచివాలయనగర్. నెలజీతం ఉద్యోగులు సహకార గృహనిర్మాణ సంఘాలు పెట్టుకుని, వాయిదాల మీద స్థలాలు కొనుక్కుని కట్టుకున్న ఊళ్లివి. జీతం పెంచమని ఆఫీసులో సంఘం పెట్టినవారే, ఇంటికి వచ్చి కాలనీ సంక్షేమ సంఘం పెట్టారు. ఆఫీసులో రాసే మెమోరాండమే ఇక్కడా రాశారు, విషయం మాత్రం మంచినీళ్లు. వారికీ, ఖైరతాబాద్ బస్తీల్లో బిందెలతో బారులు తీరిన వారికీ ఆస్తిలో తేడా ఉండవచ్చు, ట్యాంకరు కోసం ఎదురుచూడటంలో తేడా లేదు.

కృష్ణా తాగునీటి పథకం ఎలా పనిచేస్తుందో వింటే ఈ డిమాండు బరువెంతో తెలుస్తుంది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి తీసుకువెళ్తారు. ఆ పైన నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ పంపింగ్ కేంద్రాల మీదుగా మెట్టు మెట్టుగా ఎత్తుతూ, దాదాపు 116 కిలోమీటర్లు నడిపించి నగరానికి చేరుస్తారు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నల్గొండ పల్లెల మీదుగా వచ్చే పైపులైను ఇది. నగరంలో ఆ నీళ్లు ముందుగా చేరేది ఎక్కడికో తెలుసా? సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు. ఎల్బీనగర్ పక్కన, వనస్థలిపురం దగ్గర.

మొదటి దశ 2004లో, రెండో దశ 2008లో, మూడో దశ 2015లో పూర్తయ్యాయి. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు, మూడు దశలకూ కలిపి 27 కోట్ల గ్యాలన్లు. లీటర్లలో చెప్పాలంటే రోజుకు 120 కోట్ల పైమాటే. ఏడాదికి పదహారున్నర టీఎంసీలు. దశాబ్దాల తరబడి పడమటి నుంచి వచ్చిన నీళ్ల కోసం తోకన నిలబడిన తూర్పు హైదరాబాద్, కృష్ణా నీళ్లు వచ్చాక ముఖద్వారం దగ్గర నిలబడింది.

ఈ పథకం మీద సంతకాలు వేర్వేరు ముఖ్యమంత్రులవి, శిలాఫలకాల మీద పేర్లూ వారివే. ఇంజనీర్ల శ్రమ ఉంది, కూలీల చెమట ఉంది, అప్పు ఇచ్చిన సంస్థల లెక్కలున్నాయి. పీజేఆర్ ఒక్కరే తెచ్చారంటే అది అతిశయోక్తి. అయితే ప్రభుత్వం చేయక తప్పని పరిస్థితి ఎవరో ఒకరు సృష్టించాలి కదా. సంఘం నాయకుడికి ఇది కొత్త కాదు. బోనస్ చెక్కు మీద సంతకం యాజమాన్యానిదే ఉంటుంది. ఆ చెక్కు ఎందుకు వచ్చిందో కార్మికుడికి తెలుసు. ప్రతిపక్ష నాయకుడి పనిని కూడా అలాగే తూచాలి.

దేశంలో ఇలాంటి జీవితాలు ఇంకా ఉన్నాయి. బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు వి.వి. గిరి రైల్వే కార్మికుల సంఘాలు కట్టి, 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికల్లో ఓడించి, మద్రాసు రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు, చివరకు రాష్ట్రపతి అయ్యారు. బెంగాల్‌లో జ్యోతిబసు లండన్‌లో బారిస్టరు చదివి వచ్చి రైల్వే కార్మికుల్లో పనిచేశారు. 1946లో రైల్వే కార్మికుల నియోజకవర్గం నుంచే శాసనసభకు వెళ్లారు, ఏళ్ల తరబడి ప్రతిపక్ష నాయకుడిగా కూర్చుని, 1977 నుంచి 23 ఏళ్లు ముఖ్యమంత్రిగా ఉన్నారు. వారికి పెద్ద పదవి దొరికింది. పీజేఆర్ సగం దారిలోనే ఆగిపోయారు. 1999లో ఖైరతాబాద్‌లో సీబీఐ మాజీ డైరెక్టర్ కె. విజయరామారావు చేతిలో ఓడిపోయారు. నగరం మారిపోయిందని, బస్తీ నాయకుల కాలం చెల్లిందని అప్పట్లో అనుకున్నారు. 2004లో అదే ప్రత్యర్థిని ఓడించి మళ్లీ సభకు వచ్చారు.

ఆ ఏడాది కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. ప్రతిపక్షంలో పార్టీని ఐదేళ్లు మోసిన పీజేఆర్‌కు వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో చోటు దక్కలేదు. అలకబూని ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన అలా చేయలేదు. సొంత పార్టీ ప్రభుత్వంలోనే ప్రతిపక్షంలా వ్యవహరించారు. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు తీసుకుపోయే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచాలని 2005లో ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, తెలంగాణకు, హైదరాబాద్ తాగునీటికి నష్టమని గొంతెత్తారు. రాయలసీమ కరువు నిజం, అక్కడి రైతు దాహమూ నిజం. ఆ వాదన అటువైపు బలంగానే ఉంది. కానీ నది నీటి పంపకంలో దిగువనా ఎగువనా ఎవరి వాటా ఎంతో ముందు తేల్చండి అని అధికార పక్షంలో ఉండి అడగడానికి గుండె కావాలి. ముఖ్యమంత్రి తిరుగులేని బలంతో ఉన్న రోజులవి. తరువాతి కాలంలో తెలంగాణ ఉద్యమంలోనూ, రాష్ట్రం వచ్చాక కూడా, పోతిరెడ్డిపాడు మాట వచ్చినప్పుడల్లా అన్ని పార్టీలవారూ పీజేఆర్ పేరు తలుచుకోవడం మనం వింటూనే ఉన్నాం.

2007 డిసెంబరు 28న గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. 60 ఏళ్లు నిండలేదు. 2008 ఉప ఎన్నికలో ఖైరతాబాద్ ఆయన కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డిని గెలిపించింది. 2009లో నియోజకవర్గాల పునర్విభజనలో పాత ఖైరతాబాద్ ముక్కలై జూబ్లీహిల్స్, శేరిలింగంపల్లి విడిపోయాయి. ఇటు పాత మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ కొత్త నియోజకవర్గంగా వచ్చింది. 2025 జూన్‌లో గచ్చిబౌలి, కొండాపూర్ మధ్య ప్రారంభమైన ఫ్లైఓవర్‌కు ప్రభుత్వం పీజేఆర్ పేరు పెట్టింది. ఒకప్పుడు ఆయన కాలినడకన తిరిగిన దిక్కులో ఇప్పుడు ఐటీ ఉద్యోగుల కార్లు ఆయన పేరు మీదుగా పోతున్నాయి.

సరే, ఒక నాయకుడి కథ విన్నాం. దీనితో ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్బీనగర్‌లో ఉన్నవారికి పనేమిటి? ఒక్కసారి చుట్టూ చూడండి. ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీ గేటు లేదు. కానీ కార్మికులు లేరా? బట్టల షోరూముల్లో పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా నిలబడే అమ్మాయిలున్నారు. కోచింగ్ సెంటర్లలో రోజుకు ఇన్ని గంటలని కూలి లెక్కన పాఠాలు చెప్పే మాస్టర్లున్నారు. హాస్టళ్లలో వంట చేసేవారు, ఆటోనగర్ మెకానిక్‌లు, ప్రైవేటు బస్సుల డ్రైవర్లు, పొద్దున్నే అడ్డా మీద నిలబడి మేస్త్రీ కోసం చూసే కూలీలు, భుజాన సంచీతో బండి మీద తిరిగే డెలివరీ కుర్రవాళ్లు ఉన్నారు. కొత్తపేట పండ్ల మార్కెట్ హమాలీలు ఉండేవారు. మార్కెట్ బాటసింగారం తరలిపోయింది, ఆ స్థలంలో ఆసుపత్రి కడుతున్నారు. ఆసుపత్రి కావాల్సిందే. మార్కెట్టుతో పాటు హమాలీ బతుకు ఎటు పోయిందని అడిగేవాడూ కావాలి.

సంఘం బలంగా ఉన్న చోట కూడా పరిస్థితి తేలిక కాదు. 2019లో అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా 52 రోజులు ఆర్టీసీ సమ్మె జరిగింది. దిల్‌సుఖ్‌నగర్, హయత్‌నగర్ డిపోల ముందు కార్మికులు కూర్చున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. సమ్మె విరమించాక సంఘాల స్థానంలో డిపోల్లో సంక్షేమ కమిటీలు వచ్చాయి. కమిటీ మంచిదే కావచ్చు. కానీ కమిటీని నియమించేది యాజమాన్యం, సంఘాన్ని ఎన్నుకునేది కార్మికులు. ఈ తేడా ముఖ్యమైనది.

సంఘాలు బలహీనపడితే నష్టం జీతాల దగ్గరే ఆగదు. ప్రతిపక్షానికి నాయకులను తయారుచేసే బడి కూడా మూతపడుతుంది. మఖ్దూం, అంజయ్య, నాయిని, పీజేఆర్, వీరిలో ఎవరి రాజకీయంతోనైనా మీరు ఏకీభవించకపోవచ్చు. కానీ నలుగురూ జనం మాట విని, కాగితం మీద పెట్టి, ఎదుటివారి ముందు కూర్చుని, సాధించుకు రావడం నేర్చుకున్నాకే సభలో అడుగు పెట్టారు. ఇవాళ సభకు వెళ్లేవారిలో కాంట్రాక్టు పనుల నుంచి, రియల్ ఎస్టేట్ నుంచి, వారసత్వం నుంచి వచ్చేవారు ఎక్కువ. వారిలోనూ సమర్థులు ఉండవచ్చు. గేటు దగ్గర నిలబడి తిట్లు తిన్న అనుభవం మాత్రం వారికి ఉండదు. ఆ అనుభవం లేని ప్రతిపక్షం టీవీ చర్చల్లో అరుస్తుంది, మరుసటి వారం ఆ విషయమే మరిచిపోతుంది.

అందుకే ఈ ప్రసంగం ముగించే ముందు పనికొచ్చే మాటలు రెండు చెబుతాను. కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, పని వేళల్లో కూర్చునే హక్కు కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. కుర్చీ ఒక్కటి సంపాదించడానికి అంత పోరాటమా అనిపించవచ్చు. రోజంతా నిలబడి చూసినవారికి అది చిన్న విషయం కాదు. అడిగినవారు ఏ పార్టీ వారూ కాదు, దుకాణాల్లో పనిచేసేవారు.

రెండోది చట్టం సంగతి. మన దుకాణాల చట్టం ప్రకారం వారానికి పని 48 గంటలు, వారానికో సెలవు. ఇక 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం నుంచి ఇప్పటి కార్మిక కోడ్‌ల దాకా మారని నియమం ఒకటుంది: సంఘం రిజిస్టర్ చేయడానికి కనీసం ఏడుగురు సభ్యులు చాలు. పెద్ద సంస్థల్లో పదో వంతు మంది గానీ, వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్‌లోని చాలా దుకాణాలకు ఏడుగురి లెక్కే సరిపోతుంది. ఆ ఏడుగురు మీ దుకాణంలో ఉంటే మాట్లాడుకోండి. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా సరే, గెలిస్తే ఏం చేస్తావని అడిగినట్టే, ఓడితే ఏం చేస్తావని కూడా అడగండి. ఓడినా మా వెంట ఉంటానని చెప్పగలిగి, ఉండి చూపించినవారికే ఓటు వేయండి.